కుకేరీయము

ప్రబంధమన్నాక పద్దెనిమిది వర్ణనలు ఉండి తీరాలని మన లాక్షణికులు పట్టీ రాసిచ్చి వెళ్లారు. పురం, పర్వతం, సముద్రం, ఋతువు, మధుపానం, వివాహం, కుమారోదయం, దండయాత్ర, యుద్ధం, ఇంకా చాలా. నాయకుడు ధీరోదాత్తుడై ఉండాలన్నది అదనపు షరతు. రెండింటికీ తలవంచి, బల్గేరియా దేశానికి దక్షిణాన, రొదోపీ పర్వతాల నడుమ, షిరోకా లకా అనే గ్రామంలో ఏటా మార్చి మొదటి ఆదివారంనాడు చలికాలానికీ గంటలకూ జరిగే ఘోర సంగ్రామాన్ని వర్ణించబోతున్నాను. సముద్రవర్ణన మాత్రం అడగొద్దు. నల్లసముద్రం అక్కడికి చాలా దూరం, మధ్యలో బోలెడు కొండలు. నాయకుణ్ణి కూడా ఇంకా ఖాయం చేయలేదు. అభ్యర్థులు చాలామంది ఉన్నారు, ఒక్కొక్కరినీ చూసుకుంటూ వెళదాం.

ఆహా, ఆ పురం! సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు పైనే, రెండు కొండవాలుల మధ్య ఇరుక్కుని, నట్టనడుమ షిరోకొలష్కా అనే చిన్న నదికి దారి ఇచ్చి, మిగిలిన జాగాలో సర్దుకుని కూర్చుంది. రాతిగోడ మీద తెల్లసున్నం వేసిన పై అంతస్తు. పై అంతస్తు మీద పలకరాళ్ల కప్పు. కప్పు మీద పొగగొట్టం. పొగగొట్టం మీద, దేవతల విమానాలు దారి తప్పేంత పొగ. నది మీది పాత రాతి వంతెనలు నడుం పైకెత్తి గూనిగా నిలబడ్డాయి కాబట్టి, ఎక్కేవాడు పర్వతారోహణ చేసినట్టూ దిగేవాడు స్వర్గం నుంచి జారినట్టూ నాలుగడుగుల్లోనే అనుభవించవచ్చు. 1834లో కట్టిన దేవమాత గుడి ఊరికి పెద్దదిక్కు. ఇంద్రుడి అమరావతిలో వీధులన్నీ చదును, అందుకే దేవతలకు పిక్కల్లేవు. షిరోకా లకా ముసలమ్మలు ఆ రాళ్లు పరిచిన సందుల్లో కట్టెల మోపుతో ఎక్కిదిగుతుంటే, వాళ్ల పిక్కబలం చూసి ఐరావతం కూడా సిగ్గుపడి పక్కకు తొలగాల్సిందే. ఊరి జనాభా కొన్ని వందలే. అయితే జానపద సంగీత నృత్యాలు నేర్పే జాతీయ పాఠశాల ఒకటి ఇక్కడే ఉంది కనుక, ఏ సందులోకి తిరిగినా ఏదో ఒక కిటికీలోంచి సంగీత సాధన మీద పడే ప్రమాదం ఉంది.

పండుగ పేరు పెస్ పొనెదెల్నిక్. ఈస్టరుకు ముందు వచ్చే పెద్ద ఉపవాసాల్లో మొదటి సోమవారానికి చెందిన పేరది. జరుపుకునేది మాత్రం ఆదివారం. దేవతలు పంచాంగం చూస్తారు, మనుషులు సెలవులు చూస్తారు. సోమవారం పేరుతో ఆదివారం యుద్ధం చేస్తే ఓడిపోతామేమోనన్న శంక ఆ ఊళ్లో ఎవరికీ ఉన్నట్టు లేదు.

ప్రతినాయకుడి సంగతి. శీతాసురుడు అక్టోబరులోనే 2,191 మీటర్ల గొల్యామ్ పెరెలిక్ శిఖరం మీద డేరా వేస్తాడు. నవంబరుకల్లా ఊళ్లోకి దిగి, తాళం తీయకుండానే ప్రతి ఇంట్లోనూ కాపురం పెడతాడు. కట్టెల కొట్టులో నిలువెత్తు దొంతరను మోకాలి ఎత్తుకు తెస్తాడు. అంతకన్నా ఘోరం నేలమాళిగలో జరుగుతుంది. శరదృతువులో ఇల్లాలు నిండా కూరి, ఉప్పునీళ్లు పోసి, పైన బరువు పెట్టిన క్యాబేజీ పీపా ఉంటుంది చూడండి, డిసెంబరులో అమృతభాండం. మార్చి వచ్చేసరికి అదే పీపా మూత తీస్తే ఇంటాయన ముఖం పక్కకు తిప్పుకుంటాడు. అడుగున మిగిలిన రెండు గడ్డలు ఒకదాన్ని ఒకటి చూసుకుంటూ, మనలో ముందు ఎవరు అన్నట్టు ఉంటాయి. వాటిని తినడం కన్నా రాక్షసుడితో తలపడటమే సుఖమని ఊరు ఊరంతా ఒక నిశ్చయానికి వచ్చే ఘడియ అదే. ఈ యుద్ధానికి కారణం పులిసిపోయిన క్యాబేజీ అని ఏ చరిత్రకారుడూ రాయలేదు. ఈ కవి రాస్తున్నాడు.

నాయక పదవికి మొదటి అభ్యర్థి కుకేర్. ముసుగు వేసి, గంటలు కట్టి, దుష్టశక్తులను తరిమే యోధుడు. ఒక్కడైతే కుకేర్, దండుగా కదిలితే కుకేరి. మిగతా రోజుల్లో ఇతను ప్లోవ్‌దివ్‌లో లారీ నడుపుతుండవచ్చు, సోఫియాలో కంప్యూటరు ముందు కూర్చుంటుండవచ్చు. ఈ ఒక్కరోజు మాత్రం ఇతని కవచధారణను ఇతిహాస వీరుల పక్కన పెట్టి చూడాలి. కర్ణుడు కవచంతో పుట్టాడు కనుక కట్టుకునే బాధ లేదు. కుకేర్ కట్టుకోవాలి. ముందు మందపాటి ఉన్ని మేజోళ్లు. వాటి మీద బొచ్చు తోలు చల్లడం, బొచ్చు తోలు అంగీ. ఆ తరువాత అసలు ఘట్టం, గంటల పటకా.

గేదె మెడకు కట్టినా ఫిర్యాదు చేసేంత బరువున్న గంటలు ఆ తోలు పటకాకు వేలాడుతుంటాయి. కొందరి మొత్తం బరువు ముప్ఫై నలభై కిలోలు దాటుతుంది. పటకా వదులుగా ఉంటే రెండు నష్టాలు. గంట ఒళ్లు కదిలినప్పుడు కాక తన ఇష్టమొచ్చినప్పుడు మోగుతుంది, పైగా తుంటి ఎముకను వాయగొట్టేస్తుంది. కనుక బిగించాలి. బావమరిది వెనక నిలబడి, వీరుడి నడుముకు మోకాలు ఆనించి, పటకా కొసను రెండు చేతులతో గుంజుతాడు.

"చాలురా."

"చాల్లేదు బావా, ఇంకో బెజ్జం."

"రాత్రి తిన్నది గొంతులోకి వస్తోంది."

"ఊపిరి ఆడుతోందా?"

"ఆడట్లేదు."

"అయితే సరిగ్గా కట్టినట్టే."

మందర పర్వతానికి వాసుకిని చుట్టినప్పుడు దేవదానవులు రెండు పక్షాలుగా చీలి లాగారు. ఇక్కడ రెండు పక్షాల పనీ ఒక్క బావమరిదే చేస్తున్నాడు, అదీ కాఫీ కూడా తాగకుండా. చివరి బెజ్జంలో ముల్లు దిగిన చప్పుడుకు అష్టదిక్పాలకులు ఉలిక్కిపడ్డారు. వీరుడు కిక్కురుమనలేదు. అనడానికి గాలి లేదు.

ఆపైన శిరస్త్రాణం. మనిషి తలకన్నా రెండింతలు ఎత్తు, కొమ్ములు, కోరలు, పూసలు, గుండీలు, అద్దం ముక్కలు. కొన్ని ఊళ్ల ముసుగులకు రెండు ముఖాలుంటాయి, ఒకవైపు చట్టిముక్కు మంచివాడు, మరోవైపు కొక్కిముక్కు చెడ్డవాడు. రాజకీయాల్లోలా కాకుండా ఇక్కడ రెండూ బయటికే కనిపిస్తాయి. ఆ ముసుగు తొడిగాక వీరుడు భీకరుడై, భైరవాకారుడై, కళ్ల రంధ్రాల్లోంచి లోకాన్ని చూసి... కిందికి చూస్తే, ఎడమకాలి బూటు తాడు ఊడిపోయి ఉంది.

ఓ విధీ! ఎవని అడుగుల చప్పుడుకు భూతప్రేతాలు కొండలు దాటి పారిపోవాలో, వాడు తన కాలి తాడును తాను ముడివేసుకోలేడు. వంగితే గంటలు పొట్టలో పొడుస్తాయి. కూర్చుంటే లేవడం దైవాధీనం. కాలు ఎత్తుదామంటే బొచ్చు చల్లడం ఒప్పుకోదు. నలభై కిలోల ప్రతాపం ఆ రెండు జానల తాడు ముందు ఓడి నిలిచింది. చివరికి ఓ ఏడేళ్ల కుర్రాడు చేతిలోని మిఠాయిని నోట్లో కుక్కుకుని, మోకాళ్ల మీద కూర్చుని, జిగురు వేళ్లతో ఆ ముడి వేశాడు. వేస్తూ నాలుక బయటపెట్టాడు. ఈ మహావీరుణ్ణి నాయకుడిగా ప్రకటించడానికి నా కలం ఆగింది సరిగ్గా అక్కడే.

రెండో అభ్యర్థి గంట. వంశం గొప్పది. ఇనుప రేకును కొలిమిలో కాల్చి, సమ్మెటతో సాగగొట్టి, మడిచి, రాగి పూత పట్టించి చేసేవి కొన్ని. పోత పోసేవి కొన్ని. మందలో ఒక్కో జీవానికి ఒక్కో పరిమాణంలో కడితే, కాపరి చీకట్లో కూడా చెవితోనే తన సొత్తు లెక్క చూసుకునేవాడు. అలాంటి గంట ఈ రోజు మనిషి నడుమెక్కింది. సేనలు ఆజ్ఞ కోసం నిలబడి ఉన్నంతసేపూ కుకేరి అరచేతులతో గంటల నోళ్లు మూసి పట్టుకుంటారు. అప్పుడొక ఉత్తి లోహపు మూలుగు మాత్రం వినిపిస్తుంది. దండు పెద్ద కర్ర ఎత్తాడు. చేతులు వదిలేశారు. మోకాళ్లు వంగాయి. నలభై నడుములు ఒక్కసారి ఎగిరి ఒక్కసారి దిగాయి.

ఆ ధ్వనిని వర్ణించడానికి ఉపమానాలు వెతికి లాభం లేదు. చెవితో వినేది కాదది, పళ్లతో వినేది. కిటికీ అద్దాలు విన్నాయి, గాజు సీసాల్లోని ఊరగాయలు విన్నాయి, గుడి గంట విని తన జీవితం మీద విరక్తి చెందింది. వంతెన కింద పడుకున్న కుక్క ఒకటి వేదాంతం వదిలేసి పరుగెత్తింది. చలికాలం మాట ఎలా ఉన్నా, ఆ కుక్క మాత్రం సాయంత్రం దాకా తిరిగి రాలేదు.

సేనావర్ణన తప్పదు. ఆ రోజుకు వేరే ఊళ్ల దండ్లు కూడా వస్తాయి. బల్గేరియాలో ఈ విద్య ఒక్క ఊరిది కాదు. పడమటి వైపు పెర్నిక్ ప్రాంతంలో దీన్ని జనవరి నడుమనే, పాత పంచాంగపు కొత్త సంవత్సరానికి చేస్తారు. వేషగాళ్లను సుర్వకారీ అంటారు. పెర్నిక్ పట్టణం 1966 నుంచి ఈ వేషాలకు ప్రత్యేకంగా ఉత్సవం నిర్వహిస్తోంది. ఆ ప్రాంతపు సుర్వా పండుగ 2015లో యునెస్కో జాబితాకెక్కింది. తూర్పు మైదానాల్లో ఉపవాసాలకు ముందు వారం, సిర్ని జగొవెజ్ని దినాల్లో కడతారు. బాన్‌స్కో, రజ్లోగ్ వైపు యోధుల వెంట్రుకల కుచ్చుటోపీ తలమీద గోపురంలా లేచి ఉంటుంది కాబట్టి గుమ్మం దాటాలంటే సాష్టాంగ నమస్కారమే శరణ్యం. ఒకప్పుడు మగవాళ్లు మాత్రమే కట్టే గంటలను ఇప్పుడు ఆడపిల్లలూ కడుతున్నారు. కట్టకపోతే సరిపోరు కూడా. 1980ల చివర దేశ జనాభా 90 లక్షలకు చేరువలో ఉండేది, 2021 లెక్కల్లో 65 లక్షలు. పల్లెలు ముందు ఖాళీ అయ్యాయి. అక్షౌహిణులు పోసిన కవులకు సైనికులు ఎక్కడి నుంచి వస్తారన్న బెంగ లేదు. ఇక్కడ జర్మనీలో పనిచేసే కొడుకు విమానం టికెట్టు దొరకబుచ్చుకుంటేనే వరుస నిండుతుంది.

వివాహ వర్ణనకు వద్దాం. కుకేరి దండులో ఒక పెళ్లికూతురు ఉంటుంది. మేలిముసుగు, పూలు, తెల్లని గౌను, వీటన్నిటి మధ్య నల్లని మీసం. తిరుపతి గంగమ్మ జాతర చూసినవారికి ఈ సౌందర్యం కొత్త కాదు. పక్కన పెళ్లికొడుకు, ఉన్ని గడ్డం అంటించుకున్న ఉత్తుత్తి పూజారి, గూనిముసలమ్మ, ఎలుగుబంటి, దాన్ని ఆడించేవాడు, చెక్క కత్తితో దారినపోయేవాళ్లకు గడ్డం గీసి రుసుం వసూలు చేసే మంగలి. సీతాస్వయంవరంలో విల్లు విరిగింది, ఇక్కడ పెళ్లికూతురి చెప్పు మడమ విరుగుతుంది. రాతిసందుల్లో ఆ మడమతో నడవగలిగిన మగవాణ్ణి ధీరుడనక తప్పదు. అయినా నాయకుడనలేం. అతని దృష్టి పెళ్లికొడుకు మీద లేదు, పక్క దండులోని కుర్రాళ్లు తనను ఫోన్లో వీడియో తీస్తున్నారా లేదా అన్నదాని మీదే ఉంది.

తూర్పు ఊళ్ల కుకేరికి ఒక రాజు కూడా ఉంటాడు. నాగలి పట్టి లాంఛనంగా చాళ్లు దున్నుతాడు, ఎడ్ల స్థానంలో కుకేరే కాడికి తగులుకుంటారు, గింజలు చల్లుతాడు, పడి చస్తాడు, లేస్తాడు. చచ్చి లేవడం దేవతల లక్షణమే అయినా, లేచేముందు కింద బురద ఎంత ఉందో ఓరకంట చూసుకోవడం మాత్రం దేవతల లక్షణం కాదు. ఎంత ఎత్తు ఎగిరితే గోధుమ అంత ఎత్తు పెరగాలని వీళ్ల ఎగురుళ్లలోని కోరిక. నలభై కిలోల గంటలతో మనిషి ఎగరగలిగే ఎత్తును లెక్కలోకి తీసుకుంటే, ఆ ప్రార్థన చేసిన పూర్వులు వ్యవసాయంలో అత్యాశాపరులు కారని ఒప్పుకోవాలి.

మత్స్యయంత్రం ఒకటి మిగిలింది. అది ఉపవాసాలకు ముందు రాత్రి, ఇంటి లోపలి కథ. పాలపదార్థాలకు, గుడ్డుకు వీడ్కోలు చెప్పే ఆ రాత్రి చిన్నవాళ్లు పెద్దవాళ్ల చేతిని ముద్దాడి క్షమించమంటారు. పెద్దవాళ్లు క్షమిస్తారు, అది రెండు నిమిషాల పని. అసలు పని తరువాత ఉంది. ఇంటి దూలానికి ఎర్ర దారం కట్టి, కొసన ఉడికించిన కోడిగుడ్డో తెల్లని హల్వా ముక్కో వేలాడదీసి, పెద్దాయన దాన్ని ఊపుతాడు. పిల్లలు చుట్టూ కూర్చుని చేతులు వెనక్కి పెట్టుకుని, నోటితో పట్టాలి. అర్జునుడు నీటిలోని నీడ చూసి చేపను కొట్టాడని చెప్పుకుంటాం, చేప కనీసం తిరిగి వచ్చి అతని ముక్కును కొట్టలేదు. ఈ గుడ్డు కొడుతుంది. ఒకడి పళ్లకు తగిలి జారింది, ఒకత్తె చెంపను పావనం చేసి వెళ్లింది, తాతయ్య కావాలనే తన ముద్దుల మనవరాలి వైపు వంపు ఇచ్చాడని మనవడు గగ్గోలు పెట్టాడు, న్యాయవిచారణ జరుగుతుండగా అందరికన్నా చిన్నది నిశ్శబ్దంగా నోరు తెరిచి ఉంచింది. గుడ్డు దానంతటది లోపలికి వచ్చింది. ఆ తరువాత ఎర్ర దారాన్ని అంటించి, అది కాలే తీరు చూసి ఏడాది ఎలా ఉంటుందో చెప్పుకుంటారు.

మధుపాన వర్ణన చేయకపోతే ప్రబంధం చెల్లదు కనుక చెబుతున్నాను. పళ్లతో కాచిన రకియాను తేనె వేసి వేడి చేసి ఇస్తారు. కుకేర్ ముసుగును నుదుటిమీదికి ఎత్తి, లోపలి నుంచి ఎర్రని సొంత ముఖాన్ని బయటికి తీసి, ఒక గుక్కలో కానిచ్చి, ఆ ముఖాన్ని మళ్లీ లోపల పెట్టేస్తాడు. వెంట పతాత్నిక్ ఉంటుంది, తురిమిన బంగాళాదుంపల్లో ఉల్లిపాయ, పుదీనా కలిపి సన్నసెగన కాల్చిన రొదోపీ వంటకం. అప్పటికి రెండు గంటలుగా గాలి లేకుండా బిగించిన పొట్టలో అది ఎక్కడ ఇముడుతుందన్నది ఈ కవికి అందని రహస్యం.

వాద్యాన్ని కూడా నాయక పదవికి పరిశీలించాను. రొదోపీ వాళ్ల గైదాను కబా గైదా అంటారు, మంద్రస్థాయిలో గర్జించే తిత్తి వాద్యం. చంకలో పిసుకుతూ ఊదాలి. 1977లో అమెరికా వాళ్లు వాయేజర్ నౌకలకు కట్టి పంపిన బంగారు రికార్డులో ఈ కొండల గాయని వాల్యా బల్కాన్‌స్కా పాట ఉంది, ఆ పాటకు తోడుగా ఈ గైదాలే ఉన్నాయి. అంటే మన సప్తసముద్రాలు, సప్తద్వీపాలు దాటి, సూర్యుడి ఏలుబడి దాటి వెళ్లిన వాద్యమన్నమాట. అభ్యర్థిత్వం బలమైనదే. కానీ ఆ తిత్తి దేనితో చేశారని విచారించాను.

మేకతోలు.

అక్కడితో నాకు కళ్లు తెరుచుకున్నాయి. కుకేర్ ఒంటి మీది అంగీ ఏమిటి? మేకతోలు. బాన్‌స్కో యోధుడి ఆకాశగోపురం? పొడవు వెంట్రుకల మేక. ముసుగు మీది కొమ్ములు? మేకవి, కాకపోతే దాని చుట్టాలవి. పటకాకు వేలాడే గంట మొదట ఎవరి మెడలో ఉండేది? 2016లో కాన్స్ చిత్రోత్సవానికి వెళ్లిన జర్మన్ సినిమా 'టోని ఎర్ద్‌మాన్'లో ఓ తండ్రి కూతురి పుట్టినరోజు విందులోకి నిలువెత్తు బొచ్చుగుట్టగా నడిచి వస్తాడు, ఆ వేషం కుకేర్‌దే. అంటే మేక కాన్స్‌కూ వెళ్లింది, దాని గొంతు నక్షత్రాల దారీ పట్టింది. ఇంత చేసిన జీవానికి ఊరేగింపులో చోటు లేదు, ఫోటోల్లో చోటు లేదు, యునెస్కో కాగితాల్లో ధన్యవాదం లేదు. నాయకుడు దొరికాడు. కావ్యమర్యాద ప్రకారం స్తుతి చేయాలి, దండకంలో చేస్తున్నాను:

శ్రీ మేకదేవీ! నమస్తే నమస్తే! భవచ్చర్మమే కంబళమ్మయ్యె, నీ కొమ్ములే మౌళియయ్యెన్, భవద్దేహమే వాద్యమయ్యెన్, భవత్క్షీరమే జున్నుగా మారె, నీకేమి దక్కెన్? నమస్తే నమస్తే నమః!

నాయకుడు ధీరోదాత్తుడేనా అని లాక్షణికులు అడగవచ్చు. గుణగణాలు చూడండి. గంభీరత్వం: ఆ గడ్డం చాలదా? స్థైర్యం: నిలువు కొండరాతి అంచున నాలుగు కాళ్లూ ఒకేచోట పెట్టి గడ్డి నములుతుంది. నిగర్వం: తన మీద కావ్యం రాసిన కాగితం ఇస్తే చదవకుండా తినేస్తుంది. ఇంతటి విమర్శకుణ్ణి ఏ ప్రబంధనాయకుడిలో చూశాం?

యుద్ధం జరుగుతున్న వేళ ఆ నాయకి ఊరి చివర కొట్టంలో ఉంది. గంటల హోరు అక్కడికి వినిపించింది. చెవులు ఒకసారి అటు తిప్పింది. తన వాళ్లెవరో పెద్ద సంఖ్యలో చెడు దారిన పడి, తాగి, గుంపుగా పరుగెత్తుతున్నారని అనుకుని ఉంటుంది. మళ్లీ ఎండుగడ్డిలోకి తల దూర్చింది. పక్కన రెండు రోజుల పిల్ల ఒకటి, ఇంకా కాళ్ల లెక్క కుదరక, ముందువి రెండూ ఎడమకు, వెనకవి రెండూ కుడికి పంపించి, పొట్ట మీద కూలబడి, లోకం మీద కోపంతో మే అంది. పట్టీలో కుమారోదయ వర్ణన దగ్గర ఖాళీ ఉంది కదా, అక్కడ ఈ వాక్యాన్ని పెట్టుకోండి.

సాయంత్రానికి శీతాసురుడు ఓడిపోయాడని ఊరు ప్రకటించింది. రుజువుగా అందరి చొక్కాలకూ మార్చి ఒకటిన కట్టుకున్న ఎర్ర తెల్ల దారాల మార్తెనిత్సాలు ఉన్నాయి, పూసిన చెట్టో కొంగో కనిపించేదాకా వాటిని విప్పరు. శిఖరం మీద మంచు ఈ ప్రకటనను ఇంకా అందుకున్నట్టు లేదు. కుకేర్ ఇంటికి వెళ్లాడు. బావమరిది పటకా ముల్లు తీశాడు. ఆ క్షణాన వీరుడు పుచ్చుకున్న మొదటి ఊపిరికి బల్లమీది దీపం ఆరిపోయిందని కొందరు, ఆరలేదు కానీ ఊగిందని కొందరు. నడుము చుట్టూ పటకా అచ్చు ఎర్రగా, బెజ్జాలతో సహా దిగి ఉంది. భార్య దాన్ని చూసి, వచ్చే ఏడాది నువ్వు వెళ్లనక్కర్లేదు అంది. పోయిన ఏడాదీ అదే అంది. ఆమె అటు తిరగగానే అతను మెల్లగా బావమరిదిని పిలిచి, ఆ పెద్ద గంట పక్కన ఇంకొకటి పడుతుందేమో చూడమన్నాడు.

ఉపవాసాల వారాల్లో జున్ను ముట్టని నిష్ఠాపరుల పుణ్యమా అని పాలు కాస్త ఎక్కువగానే మేకపిల్లలకు దక్కుతాయి, నాయకాభ్యుదయం అంటే అదే. ఆపైన మే 6 వస్తుంది, గెర్గ్యోవ్‌దెన్, సెయింట్ జార్జి పండుగ. ఆ రోజు ఊరంతా విందు. విందుకు కావలసింది మేక కాదు, గొర్రెపిల్ల. అది కరుణరస ప్రధానమైన వేరే కావ్యం, దానికి వేరే కవిని చూసుకోండి.